సమంగా లేని ఝూమర్

ఝూమర్, అంటే పైకప్పుకు కట్టే పెద్ద దీపాల గుత్తి, వేలాడదీసే పనిలోకి వచ్చేవాళ్లు ముందుగా పైకప్పును చూడటం నేర్చుకోవాలి. వెలుగు సంగతి తర్వాత. దూలం టేకుదా కాదా, చెద పట్టిందా, కొక్కెం దూలం గుండా వెళ్లి పైన బిగించి ఉందా లేక ఎవరో కింద నుంచే కొట్టి వదిలేశారా అన్నది తెలియకుండా ఇంటివాళ్లతో బల్బుల గురించి మాట్లాడకూడదు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. విని తలూపుతారు. తర్వాత బల్బుల గురించే అడుగుతారు.

నేను పుట్టి పెరిగింది సైదాబాద్‌లో. మా తాతలు గుళ్లో అర్చకులు, నాన్న దఫ్తర్‌లో గుమాస్తా. నేను కరెంటు వైరింగ్ నేర్చుకుని, పాత నగరంలో ఝూమర్లు అమ్మే దుకాణంలో చేరతానంటే ఇంట్లో కొంత లొల్లి జరిగింది.

"గుళ్లె దీపం వెట్టేటోళ్లం. నువ్వు పోయి నవాబుల ఇండ్లల్ల దీపాలు వెడ్తవా?" అంది మా నాయనమ్మ.

"గుళ్లె నూనె మనమే పొయ్యాలె. ఆడ కరెంటు సర్కారు పోస్తది నాయనమ్మా."

ఆమె నవ్వలేదు కానీ, మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది. దాన్ని నేను అనుమతి కింద తీసుకున్నాను.

పనిలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఏ ఇంట్లో ఏ ఝూమర్ కట్టాం, పైకప్పు ఎలా ఉంది, వాన పడిందా, ఆ రోజు ఎవరేమన్నారు, అంతే ఉంటాయి అందులో. మా పనిలో ప్రమోషన్లు లేవు కనుక వాటి గురించి రాసే బాధ తప్పింది.

విఠల్ సేట్ దుకాణం

యాభైల తొలి ఏళ్లలో మా పని చాలావరకు దించే పనే. జాగీర్లు పోయాయి. దేవిడీలనే నవాబుల పాత భవంతులలో ఒక్కొక్క గదే ఖాళీ అవుతోంది. తరాలుగా అతిథులు కూర్చునే దివాన్‌ఖానా మధ్యలో వేలాడిన బెల్జియం గాజు ఝూమర్లను మేము దించి, లోలకులు విడదీసి, దూదిలో చుట్టి పెట్టెలకు ఎక్కించేవాళ్లం. అవి బొంబాయికో కలకత్తాకో పోయేవి. పైకప్పులో కొక్కెం ఒక్కటే మిగిలేది. ఇంటివాళ్లు ఆ గదిలోకి రావడం తగ్గించేసేవారు.

మా యజమాని విఠల్ సేట్ ఈ వ్యాపారంలో మూడో తరం. అతను మంచి యజమాని అని చెప్పలేను, చెడ్డవాడనీ చెప్పలేను. కొనేవాడి ముఖం చూసి మాట మార్చేవాడు, పనివాళ్ల ముఖం మాత్రం చూసేవాడు కాదు. ఒక సంగతి నాకు నచ్చేది. అతనికి ఝూమర్ కింద నడవాలంటే భయం. సొంత దుకాణంలో కూడా గోడ వెంబడి, అలమారాలు ఒరుసుకుంటూ నడిచేవాడు. భయం ఉన్నవాడు మోకు పాతదైతే కొత్తది కొనిస్తాడు. మాకు ఎప్పుడూ కొత్త మోకులే ఉండేవి.

నాకు పని నేర్పింది అవద్ ఉస్తాద్. బార్కస్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. అరబ్ వంశం, పెద్ద చేతులు, తెల్ల గడ్డం. ఇంట్లో అరబీ, సేట్‌తో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడేవాడు. దుకాణంలో చేరకముందు ఆయన ఒక దేవిడీలో ఒకే ఒక్క పెద్ద ఝూమర్‌ను చూసుకునేవాడు. దాన్ని తుడవడం, తీగలు మార్చడం, పండగకు వెలిగించడం, అదే ఉద్యోగం. ఆ ఝూమర్‌ను అమ్మేసినప్పుడు దించింది కూడా ఆయనే. ఆ తర్వాత ఆ గల్లీ మీదుగా పోవలసి వస్తే సైకిల్‌ను ఇంకో గల్లీలోకి తిప్పేవాడు.

గిన్నె, గుండు, చాయ్

ఉస్తాద్ పద్ధతి వివరంగా రాస్తాను. ఇప్పుడెవరూ ఇలా చేయడం నేను చూడలేదు.

ముందు పైకప్పు కొక్కెం నుంచి మేస్త్రీలు గోడకు వాడే తూకం గుండును దారంతో నేల దాకా వదిలేవాడు. గుండు ఎక్కడ నిలిస్తే అక్కడ ఒక కంచు గిన్నె పెట్టేవాడు. గిన్నె అడుగున నట్టనడుమ చిన్న చుక్క చెక్కి ఉంటుంది. గుండు మొన సరిగ్గా చుక్క మీద ఉండేలా గిన్నెను జరిపి, నీళ్లు పోసేవాడు. నీళ్లలో గుండు ఊగదు, త్వరగా నిలుస్తుంది. తర్వాత ఝూమర్ ఎక్కించి, దాని అడుగు బొడిపె నుంచి మళ్లీ గుండు వదిలేవాడు. మొన అదే చుక్క మీద నిలిస్తే ఝూమర్ నిటారుగా ఉన్నట్టు. పక్కకు పోతే ఎక్కడో బరువు తేడా ఉన్నట్టు.

"కంటికి మంచిగనే కనవడ్తుంది గద ఉస్తాద్" అన్నాను ఒకసారి, ఆకలి వేసి.

"కన్ను సుట్టం లెక్క బేటా. నీకు నచ్చిందే చెప్తది. గుండు సాక్షి లెక్క. ఎవ్వని దిక్కు మాట్లాడదు."

గుండు సాక్ష్యం అయ్యాక ఇంకో పని ఉండేది. ఝూమర్ కట్టినవాడే సరిగ్గా దాని కింద నేల మీద కూర్చుని ఒక కప్పు చాయ్ తాగాలి. అది పూర్తయ్యేదాకా ఇంటివాళ్లెవరూ గదిలో అడుగు పెట్టకూడదు. కట్టినవాడికే నమ్మకం లేని దాని కింద ఇంకొకరి పిల్లలు ఎలా ఆడుకుంటారని ఉస్తాద్ అడిగేవాడు. తాగుతున్నంతసేపూ పైకి చూడకూడదన్నది కూడా ఆయన నియమమే. చూశావంటే నీకే అనుమానం ఉన్నట్టు.

మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు నోరు కాలేలా తాగేశాను. తలుపు దగ్గర నుంచి సేట్ చూస్తున్నాడు.

"గంత జల్ది ఎందుకురా?"

"చాయ్ సల్లారిపోతదని సేట్."

"సల్లారితేంది, ఝూమర్ పడ్తదని జెప్పు" అన్నాడు, గోడకు ఆనుకునే.

బుడగలు

ఇటలీ దీపాలు మా దాకా రావడం అప్పుడే మొదలైంది. వాటి గురించి మాకెవరికీ తెలియదు, తెలుసన్నట్టు మాట్లాడేవాళ్లం. ఒక ఇంటి నుంచి వెనిస్ గాజు ఝూమర్ ఒకటి వచ్చింది. బెల్జియం గాజులా కోత లేదు. మందపాటి గాజు, తేనె రంగు, లోపలంతా సన్నని బుడగలు. మాకు తెలిసినంతవరకు గాజులో బుడగ అంటే లోపం. సేట్ దాన్ని వెనక గదిలోకి తోయించి, పగుళ్లు పట్టిన సామానుతో పాటు చవగ్గా వదిలించుకున్నాడు. ఆ బుడగలను పని తెలిసినవాళ్లు కావాలనే గాజులోకి ఊదుతారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తర్వాతి కాలంలో ఇలాంటి దీపాలు చాలా కట్టాను కాబట్టి నా అభిప్రాయం చెప్పవచ్చు. వెనిస్ వాళ్లకు గాజు మీద ప్రేమ. తుడవడం కష్టమైనా వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. మిలాన్ వాళ్లది ఇత్తడి గొట్టం, రంగు రేకు. తేలిక, మరమ్మతు సులువు. మూడో రకం ఒకటుంది. కాగితం మీద మాత్రమే గీసి, ఎప్పుడూ నిచ్చెన ఎక్కనివాళ్లు చేసినవి. వాటిలో బల్బు మార్చాలంటే సగం దీపం విప్పాలి. ఇటలీ నుంచి వచ్చినంత మాత్రాన మంచిదని మోసపోకండి.

మిలాన్ పెట్టె

ఒకరోజు సేట్ ఒక చిరునామా చెప్పగానే ఉస్తాద్ చేతిలో పని ఆపేశాడు. ఆయన వెళ్లని గల్లీలోని దేవిడీ అది.

ఆ ఇంటి చిన్న కొడుకు యూసుఫ్ మియా. మిలాన్‌లో భవనాల నిర్మాణం చదివి, అక్కడే ఒక ఆర్కిటెక్ట్ దగ్గర పనిచేసి తిరిగి వచ్చాడు. ఆ ఆర్కిటెక్ట్ దీపాలు కూడా చేసేవాడట. ఆయన చేసిన దీపం ఒకదాన్ని యూసుఫ్ మియా ఓడలో తెచ్చాడు. దాన్ని దివాన్‌ఖానాలో పాత ఝూమర్ కొక్కానికే కట్టాలి.

బయల్దేరే ముందు సేట్ దాపరికం లేకుండా చెప్పాడు.

"అవద్ భాయ్, దేవిడీల పని ఒడిసిపోయింది. ఇగ కొత్త ఇండ్లు, కొత్త దీపాలు. గిది మంచిగ గట్టినవంటే నలుగురు మనని పిలుస్తరు, నువ్వుంటవ్. లేకుంటె ఝూమర్ల పని బంద్ జేస్త. వైరింగ్‌కు నర్సింగ్ ఒక్కడు సాలు."

నర్సింగ్ అంటే నేను. ఉస్తాద్ నా వైపు చూడలేదు. "చలో" అని సైకిల్ తీశాడు. ఆ రోజు వేరే గల్లీలోకి తిప్పలేదు.

దేవిడీలో వాళ్లంతా ఉర్దూలోనే మాట్లాడారు. నాకు గుర్తున్నట్టు మన మాటల్లో రాస్తున్నాను. పెట్టె తెరిచాం. మధ్యలో లోపల బోలుగా ఉన్న ఇత్తడి దిమ్మ. వేలంత లావు ఇత్తడి గొట్టాలు దాని గుండా దూరి రెండు వైపులా బయటికి వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో పొడవు. ప్రతి గొట్టానికి ఒక చివర బల్బును కప్పే రంగు రేకు టోపీ, రెండో చివర ఇత్తడి గోళీ. ఒక గొట్టం మరీ పొడవు, దాని చివర చిన్న ఎర్ర టోపీ. దాని ఎదురుగా పొట్టి గొట్టానికి పెద్ద తెల్ల టోపీ. గాజు ముక్క ఒక్కటి లేదు.

"ఛోటే సాబ్, తక్కినది ఏ పెట్టెల ఉన్నది?" అన్నాడు ఉస్తాద్.

"ఇంతే ఉస్తాద్."

"లోలకులు?"

"లేవు."

"సముద్రంల పడ్డయా?"

యూసుఫ్ మియా నవ్వాడు. "ఉన్నది ఉన్నట్టు కట్టండి. నేను పనిమీద బొంబాయి పోతున్న. వచ్చి చూస్త" అన్నాడు. ఆయన ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఇంకొంచెం వివరం చెప్పి పోయి ఉంటే ఈ కథ లేదు.

ఆయన వెళ్లాక వెదురు తెర వెనక నుంచి ఆయన తల్లి బేగం సాహెబా గొంతు వినిపించింది. బయటి మగవాళ్లు లేనప్పుడు ఆమె ఆ గదిలోనే, కిటికీ దగ్గరి తఖ్త్ అనే వెడల్పాటి చెక్క బల్ల మీద కూర్చుని రోజంతా జరీ కుట్టేది.

"అవద్, వాడు తెచ్చింది దీపమా, వానకు తడిసి ఆరేసిన గొడుగులా?"

"దీపమే అంటుండు బేగం సాబా."

"ఆ కొక్కానికి ముందు ఏమున్నదో నీకు ఎరుకనే. నువ్వే దించినవ్."

ఉస్తాద్ "జీ" అన్నాడు.

ఉస్తాద్ చేసిన రిపేరు

ఆ పూట ఉస్తాద్ దీపాన్ని నేల మీద పెట్టి చుట్టూ తిరిగాడు.

"ఓడల ఎత్తిపడేసిండ్రు. గొట్టాలు జారిపోయినయ్. అన్ని దిక్కులు సమంగ ఉండాలె ఇది."

"ఉన్నది ఉన్నట్టు కట్టుమన్నడు గద ఉస్తాద్."

"పిలగాడు బిల్డింగులు సదివిండు. నేను ఝూమర్లు సదివిన."

ఎన్నో ఏళ్లుగా కంటిని నమ్మవద్దని మాకు చెప్పిన మనిషి ఆ రోజు దీపాన్ని విప్పేముందు గిన్నె బయటికి తీయలేదు. ఆ దీపం వంకరగా ఉందని కన్ను చెప్పింది, అంతటితో సరిపోయింది. గాజు ఝూమర్ల మధ్య పెరిగిన ఎవరైనా అదే చేసి ఉండేవారు. మాకు అందం అన్నా సమానం అన్నా ఒకటే.

స్క్రూలు వదులు చేసి గొట్టాలన్నీ ఒకే పొడవు వచ్చేలా జరిపాం. గోళీలు అనవసరమని తీసేశాం. ఎక్కించాక గిన్నె పెట్టి గుండు వదిలితే మొన చుక్కకు బెత్తెడు దూరంలో నిలిచింది. ఉస్తాద్ సీసం ముక్కలు గుడ్డలో చుట్టి దిమ్మలో కూరాడు. మళ్లీ చూశాడు. ఇంకా కూరాడు. చివరికి గుండు చుక్క మీదికి వచ్చింది. దుకాణం నుంచి పాత లోలకులు తెచ్చి టోపీల కింద దండలు కట్టాం.

"హా. ఇప్పుడు జర దేవిడీ లెక్క ఉన్నది" అంది బేగం సాహెబా. సేట్ కూడా వచ్చి గోడ వెంబడి ఒక చుట్టు తిరిగి, భేష్ అన్నాడు.

చాయ్ వచ్చింది. ఉస్తాద్ కింద కూర్చున్నాడు. సగం తాగి పైకి చూశాడు. ఖాళీ కప్పు సాసర్‌లో పెడుతూ ఇంకోసారి చూశాడు. అందరూ లోలకుల మెరుపు చూస్తున్నారు. నేను ఆయన్ను చూశాను.

తిరిగి వస్తూ మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర సైకిళ్లు దిగి నడుస్తుంటే అడిగాను.

"పైకి ఎందుకు జూసినవ్ ఉస్తాద్?"

మార్కెట్ చివరిదాకా సైకిల్ తోసుకుంటూ పోయాడు. తర్వాత అన్నాడు, "సమంగ ఉన్నదానికి సీసం ఎందుకు పట్టిందిరా నర్సింగ్?"

నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. అది ఆయన్ను వదలలేదని మర్నాడు ముఖం చూస్తేనే తెలిసింది.

యూసుఫ్ మియా తిరిగొచ్చాక

కబురు వచ్చింది. సేట్, ఉస్తాద్, నేను వెళ్లాం. సాయంత్రం అయింది, దీపం వెలుగుతోంది. యూసుఫ్ మియా కోప్పడలేదు. తల్లి కూర్చునే తఖ్త్ మీద తాను కూర్చుని అరచేయి చాచి చూసుకుంటున్నాడు. వెలుగంతా గది నట్టనడుమ, ఎవరూ కూర్చోని చోట పడుతోంది. తఖ్త్ దగ్గర చీకటే.

"అమ్మీ, ఈ దీపం వెలుగుల సూదిల దారం ఎక్కించినవా?"

"లాంతరు వెట్టుకుంటున్న గద. అలవాటే" అంది తెర వెనక నుంచి ఆమె.

"నీకు లాంతరు అవసరం లేకుండ చేద్దామనే ఆ పొడుగు గొట్టం. ఈ గది కొలతలు ఇచ్చి, నువ్వు కూర్చునే చోటు చెప్పి, ఆ మిలాన్ ఆర్కిటెక్ట్‌తో చేయించిన."

అప్పుడు ఆ ఆర్కిటెక్ట్ గురించి చెప్పాడు. యుద్ధంలో మిలాన్ సగం కూలిపోయిందట. గాజు లేదు, ఘనమైన ఇళ్లు లేవు. ఆయన మోటారు గ్యారేజీ వెనక ఒక షెడ్డులో సైకిళ్లకు వాడేలాంటి గొట్టాలు, సన్నటి రేకు పట్టుకుని దీపాలు చేసేవాడట. గది మధ్యలో నగలా మెరవడం దీపం పని కాదనేవాడట. మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడికి చేయి చాచాలట. ఒక టోపీ చదివేవాడి వైపు, ఒకటి కుట్టేవాళ్ల వైపు, పెద్దది పైకప్పు వైపు.

ఆ గొట్టాలు ఓడలో జారినవి కావని నాకు అప్పుడు అర్థమైంది. ఉస్తాద్‌కు నాకన్నా ముందే అర్థమైంది. ఆయన నేల చూస్తున్నాడు.

సేట్ మాట మార్చడంలో ఆరితేరినవాడని చెప్పాను. "నేను ముందే జెప్పిన ఛోటే సాబ్. పాత మనిషి, వినడు. అవద్ భాయ్, రేపటికెల్లి నువ్వు రాకు" అన్నాడు.

"మీరు భేష్ అన్నరు గద సేట్" అన్నాను.

"నువ్ నోర్ముయ్."

ఉస్తాద్ తల ఎత్తాడు. "రాను సేట్. గని దీన్ని ఎట్లుండెనో అట్ల జేసి పోత. ఒక్క రోజు ఇయ్యుండ్రి."

"ఎట్లుండెనో నీకు యాదుందా?" అన్నాడు యూసుఫ్ మియా. "కొలతలన్నీ నాకు గూడ యాది లేవు."

"నాకు లేదు. దీన్నే అడుగుత."

సీసం తీసేశాక

మర్నాడు దీపం దించాం. లోలకులు విప్పాం. గుడ్డ మూటలు ఒక్కొక్కటే తీసి ఉస్తాద్ నేల మీద వరుసగా పెట్టాడు. తర్వాత గొట్టాలను కిటికీ వెలుగులో తిప్పుతూ వేలితో తడిమాడు. మిలాన్‌లో స్క్రూ బిగించినప్పుడు ఇత్తడి మీద పడ్డ చిన్న గాట్లు ఉన్నాయి. ఆ గాట్ల దగ్గరే మళ్లీ బిగించాం. గోళీలు ఎక్కించాం. ఏ గొట్టం ఏ దిక్కుకు తిరగాలన్నది యూసుఫ్ మియా చెప్పాడు. ఇది తఖ్త్‌కు, ఇది పుస్తకాల బీరువాకు, ఇది పైకప్పుకు.

మోకు లాగాం. దీపం పైకి పోయింది. పొడుగు గొట్టం ఒక్కటే కిటికీ వైపు చాచుకుని ఉంది. ఎవరు చూసినా ఇప్పుడో ఇంకాసేపటికో ఒరుగుతుందనే అనుకుంటారు.

సేట్ వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. "జర సీసం వెట్టు అవద్ భాయ్. ఒక దిక్కు గుంజుతుంది."

"మీ కన్ను గుంజుతుంది సేట్" అన్నాడు ఉస్తాద్.

గిన్నె పెట్టాడు, నీళ్లు పోశాడు, గుండు వదిలాడు. మొన నీళ్లలో మెల్లగా తిరిగింది. నేను మోకాళ్ల మీద వంగి చూస్తున్నాను. తిరగడం తగ్గింది. నిలిచింది. చుక్క మీద నిలిచింది.

పొడుగు గొట్టానికి తేలిక టోపీ, పొట్టి గొట్టానికి బరువు టోపీ, వెనక గోళీలు. కూరగాయల మార్కెట్‌లో పొడుగు కాడ తక్కెడకు చిన్న గుండు జరిపి పెద్ద బరువు తూచే లెక్కే ఇది. రోజూ చూసేదే. ఝూమర్‌లో చూస్తామని మేమే అనుకోలేదు.

ఉస్తాద్ ఆ చుక్కను చాలాసేపు చూశాడు.

"గా మిలాన్ ఆయన గూడ గిన్నె వెట్టి చూసిండు" అన్నాడు.

"గిన్నె కాదు ఉస్తాద్" అన్నాడు యూసుఫ్ మియా. "నేల మీద సుద్దతో చుక్క పెట్టేవాడు. దారం కట్టి ఇనుప ముక్క వదిలేవాడు. ఊగకుండా నిలిచేదాకా నేనే కాపలా."

"గంతే గద. నీళ్లు లెవ్వు, గదొక్కటే ఫరక్."

ఆ మాటలో ఏదో తేలికదనం ఉంది. ఎక్కడో సముద్రం అవతల తనలాగే నేల మీద చుక్క పెట్టుకునే మనిషి ఒకడు ఉన్నాడని తెలిసిన తేలికదనం అనుకుంటాను. నేను పనిలో ఉన్నన్నాళ్లూ కొత్త రకం దీపం చేతికి వచ్చినప్పుడల్లా, నచ్చకపోయినా సరే, ముందు గిన్నె పెట్టాకే అభిప్రాయం చెప్పేవాణ్ని.

చీకటి పడుతుండగా స్విచ్ వేశాం. ఎర్ర టోపీ కింది వెలుగు తఖ్త్ మీద, దుప్పటి మీది జరీ మీద పడింది. తెర వెనక బేగం సాహెబా పనిమనిషితో అనడం వినిపించింది.

"లాంతరు తీసుకపో. సూది ఆడనే తఖ్త్ మీద వెట్టు."

ఇంకాసేపటికి మళ్లీ ఆమే, "అవద్, నీకు చాయ్ పంపుతున్న. చక్కెర రెండు చెంచాలే గద ఇప్పటికీ?"

"జీ, బేగం సాబా."

సేట్ గోడ దగ్గరి నుంచి గొంతు సవరించుకున్నాడు. "రేపు ఎప్పుడొస్తవ్ అవద్ భాయ్? బంజారా హిల్స్‌ల ఒక కొత్త ఇల్లు చూసేదున్నది."

"రావద్దంటిరి."

"గిప్పుడు రమ్మంటున్న గద."

"చాయ్ అయినంక చెప్త" అన్నాడు ఉస్తాద్.

గిన్నె పక్కకు జరిపి సరిగ్గా ఆ చోటనే కూర్చున్నాడు. నేనూ యూసుఫ్ మియా గడప బయట నిలబడ్డాం. పైన ఆ ఇత్తడి చేతులు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు చాచుకుని ఉన్నాయి. ఉస్తాద్ సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ, అస్సలు తొందర లేకుండా చివరి చుక్క దాకా తాగాడు. పైకి ఒక్కసారి కూడా చూడలేదు.